యోసెమిటీ జలపాతం పై అంచు దాకా నడక: తరచుగా అడిగే ప్రశ్నలు

కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో ఉండే మనవాళ్లకు ఎండాకాలం వచ్చిందంటే, ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగారంటే, యోసెమిటీ నేషనల్ పార్కు ప్రయాణం దాదాపు ఖాయం. కింది జలపాతం దగ్గర ఫొటోలు దిగుతారు. తలెత్తి పైకి చూస్తారు. "అక్కడికి ఎక్కొచ్చా?" అని ఎవరో ఒకరు అడగనే అడుగుతారు. ఎక్కొచ్చు. నేను మూడుసార్లు బయల్దేరి రెండుసార్లు పై దాకా వెళ్లాను. ఆ తర్వాత చుట్టాలు, స్నేహితులు ఫోన్లు చేసి అడిగినవాటిని ఇక్కడ ఒకచోట పెట్టాను.

ఈ జలపాతం అసలు ఎంత ఎత్తు?

మొత్తం 2,425 అడుగులు, అంటే 739 మీటర్లు. ఉత్తర అమెరికాలోని బాగా ఎత్తైన జలపాతాల్లో ఒకటి. నీళ్లు ఒకే దూకున కిందికి రావు, మూడు అంచెలుగా వస్తాయి. పైది 1,430 అడుగులు. మధ్యలో 675 అడుగుల మేర నీళ్లు బండల సందుల్లో మెలికలు తిరుగుతూ దిగుతాయి, ఆ భాగం కింద నుంచి సరిగ్గా కనబడదు. చివరిది 320 అడుగులు. మన తలకోన 270 అడుగులంటారు కదా, ఇక్కడ అందరూ సెల్ఫీలు తీసుకునే ఆ కింది అంచె ఒక్కటే దానికంటే పెద్దది. నేను చెప్పబోయేది మొదటి అంచె, అంటే పై జలపాతం, మొదలయ్యే చోటుకి వెళ్లే దారి గురించి.

దారి ఎంత దూరం? ఎంతసేపు పడుతుంది?

రానూపోనూ 7.2 మైళ్లు, ఎక్కాల్సింది 2,700 అడుగులు. ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుందని పార్కువాళ్లు చెబుతారు. నేను మొదటిసారి పై దాకా వెళ్లినప్పుడు భోజనం, ఫొటోలు, మా ఆయన పిక్క పట్టేసి కూర్చున్న అరగంట అన్నీ కలిపి తొమ్మిది గంటలైంది.

ఏడు మైళ్లే కదా అనుకోకండి. మా ఊరు ఫ్రీమాంట్‌లో లేక్ ఎలిజబెత్ చెరువు చుట్టూ రోజూ మూడు రౌండ్లు వేస్తాననే మా స్నేహితుడు మొదటి అరగంటలోనే రాయి మీద కూలబడి, "ఇది నడక కాదండీ, మేడ మెట్లు" అన్నాడు. మొదటి మైలులోనే వెయ్యి అడుగులు ఎక్కిస్తుంది. దారి మొదలయ్యే క్యాంప్ 4 అనే గుడారాల మైదానం వెనకనుంచి అడుగు వేసిన నిమిషం నుంచి మలుపు మీద మలుపు, అన్నీ పైకే.

అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లం. ఇది ఎక్కలేమా?

నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. అడగడంలో తప్పు లేదు, కొండెక్కడానికి మన దగ్గరున్న కొలత అదే మరి. అలిపిరి దారిలో మెట్లు 3,550 దాకా ఉంటాయి, దూరం తొమ్మిది కిలోమీటర్లు. కాళ్లకు పడే కష్టం మాటకొస్తే రెండూ పోల్చదగ్గవే. అలిపిరి ఆగకుండా ఎక్కగలిగినవాళ్లకు ఇక్కడ ఊపిరి విషయంలో పెద్ద ఇబ్బంది ఉండదు.

కానీ అలిపిరిలో మనకు తెలియకుండానే ఎన్ని ఆసరాలు ఉన్నాయో ఇక్కడికొస్తేగానీ తెలియదు. అక్కడ నెత్తిన పైకప్పు ఉంటుంది. కుళాయి ఉంటుంది. అలిసిపోతే మజ్జిగో సోడానో దొరుకుతుంది. ముందూ వెనకా గోవిందనామం చెప్పుకుంటూ పోయే జనం ఉంటారు, వాళ్ల ఊపులో మన కాళ్లూ కదులుతాయి. మెట్లన్నీ ఇంచుమించు ఒకే ఎత్తు. మోకాళ్ల మెట్టు వచ్చేసరికి ఒళ్లు వేడెక్కి ఉంటుంది.

ఇక్కడ ఒక మెట్టు జానెడు, ఇంకోటి మోకాలెత్తు. కుళాయి లేదు, కొట్టు లేదు, దారిలో సగం పైన నీడ లేదు. అన్నిటికంటే పెద్ద తేడా ఇంకోటుంది. తిరుమలలో దర్శనం చేసుకుని బస్సెక్కి దిగిపోతాం. ఇక్కడ బస్సు లేదు. ఎక్కిన 2,700 అడుగులూ మన మోకాళ్ల మీదే దిగాలి. అలిపిరి ఎక్కడం మాత్రమే కాదు, అదే రోజు మెట్ల మీదుగా నడిచి దిగడం కూడా ఎప్పుడైనా చేశారా? చేసి ఉంటే మీరు రెడీ.

సగంలో వెనక్కి వచ్చేస్తే కష్టమంతా వేస్టేనా?

కాదు. నా మాట వినే ఎవరికైనా నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. ఈ దారిలో జలపాతం బాగా కనిపించేది పైనుంచి కాదు, సగం దారిలోంచి.

మొదటి మైలు చివర కొలంబియా రాక్ అనే చోటు వస్తుంది. కటకటాలు కట్టిన చిన్న వసారాలాంటి బండ. లోయ మొత్తం, ఎదురుగా హాఫ్ డోమ్ కొండ, కింద బొమ్మల్లా కార్లు కనిపిస్తాయి. చాలామంది ఇక్కడ ఫొటో దిగి వెనక్కి తిరుగుతారు. కానీ ఇక్కడి నుంచి జలపాతం కనబడదు. ఇంకో అర మైలు ఓపిక పట్టండి. ఈ అర మైలులో పెద్ద ఎక్కుడు లేదు, కొంచెం కిందికి కూడా దిగుతుంది. దిగుతుంటే "అయ్యో, కష్టపడి ఎక్కింది పోతోందే" అనిపిస్తుంది. పోనీండి.

ముందు చప్పుడు వినిపిస్తుంది. దూరంగా గూడ్సు రైలు పోతున్నట్టు ఒకే మోత. తర్వాత గాలి మారుతుంది, చెమట పట్టిన మెడకు చల్లగా తగులుతుంది. ఒక మూల తిరగ్గానే 1,430 అడుగుల పై జలపాతం మొత్తం ఎదురుగా నిలబడుతుంది. మే నెలలో వెళ్తే కళ్లజోడు మీద తుంపర పడి రెండు నిమిషాలకోసారి తుడుచుకోవాలి. నీళ్లు ఒక్క ధారగా పడవు. తెల్లటి ముద్దలు ముద్దలుగా విడిపోయి, ఒక్కో ముద్దా తోక చుక్కలాగా నెమ్మదిగా జారుతున్నట్టు కనిపిస్తుంది. నెమ్మదిగా అనిపించడానికి కారణం ఎత్తే.

పై అంచు దగ్గర మీరు జలపాతం నెత్తిమీద ఉంటారు, కాబట్టి జలపాతం కనబడదు. వాగు వచ్చి అంచు దాటడం, కింద లోయ, అంతే. అదీ గొప్పగానే ఉంటుంది, కాదనను. కానీ "పైకెళ్లకపోతే ఏమీ చూడనట్టే" అనుకుని ఒంట్లో శక్తి లేకపోయినా ఈడ్చుకుంటూ వెళ్లేవాళ్లను చూస్తే బాధేస్తుంది. మూడు మైళ్లు రానూపోనూ నడిచి మూల దాకా వెళ్లొచ్చినా అసలు సరుకు చూసినట్టే.

ఏ నెలలో వెళ్లాలి?

మే నెలలో. పైన సియెర్రా కొండల మీద మంచు కరిగి వాగు నిండుగా పారేది అప్పుడే. ఏప్రిల్ చివర, జూన్ మొదట్లో కూడా బాగుంటుంది. జులై వచ్చేసరికి నీళ్లు పలచబడతాయి, ఎండ ముదురుతుంది. ఆగస్టు దాటాక చాలా ఏళ్లు జలపాతం పూర్తిగా ఎండిపోతుంది. మళ్లీ వానలు పడేదాకా గోడ మీద నల్లటి చార మాత్రం మిగులుతుంది. ఇది సరస్సులోంచి వచ్చే నీరు కాదు, కరిగిన మంచు. మంచు అయిపోతే జలపాతమూ అయిపోయినట్టే. మా తమ్ముడు సెప్టెంబర్‌లో లేబర్ డే సెలవులకు టికెట్ కొనుక్కుని టెక్సాస్ నుంచి వచ్చి, ఆ చారకే దండం పెట్టి వెళ్లాడు.

చలికాలంలో కొలంబియా రాక్ దాకా చాలా రోజులు వెళ్లొచ్చు. ఆపైన మంచు, గడ్డకట్టిన నీళ్ల మీద జారడం. అలవాటు లేనివాళ్లు వద్దు.

పొద్దున ఎన్నింటికి మొదలుపెట్టాలి?

ఆరున్నరకు నడక మొదలవ్వాలి. ఏడు దాటనివ్వకండి.

ఈ దారి లోయకు ఉత్తరపు గోడ మీద ఎక్కుతుంది, అంటే దక్షిణానికి ఎదురుగా ఉంటుంది. పొద్దెక్కితే రోజంతా ఎండ దీనిమీదే. కింది భాగంలో ఓక్ చెట్ల నీడ ఉంది. జలపాతం దాటాక, రెండు గోడల మధ్య ఇరుకు లోయలాంటి చోట ఎక్కాలి. అక్కడ తెల్లటి గ్రానైటు పెనంలా కాలుతుంది, గాలి ఆడదు. నా మొదటి ప్రయత్నం పోయింది అక్కడే. జులై చివర, హోటల్లో ఫ్రీ బ్రేక్‌ఫాస్ట్ వదులుకోలేక పదకొండింటికి మొదలుపెట్టాం. మనిషికి రెండు అరలీటరు సీసాలు. రెండింటికి ఆ ఇరుకులో సీసాలు ఖాళీ, తల దిమ్ముగా ఉంది, చెమట పట్టడం కూడా ఆగిపోయింది. కిందికి దిగుతున్న ఒక పెద్దాయన మా మొహాలు చూసి, ఏమీ అడక్కుండా తన సీసాలో సగం వంచి పోసి, "టర్న్ అరౌండ్" అని రెండే ముక్కలు చెప్పి వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగాం.

అప్పటినుంచి ఒక లెక్క పెట్టుకున్నాం. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి. పై అంచు వంద అడుగుల దూరంలో కనిపిస్తున్నా సరే. ఎండాకాలం మధ్యాహ్నాలు ఉరుములు, పిడుగులు కూడా వస్తుంటాయి, చెట్టు లేని గ్రానైటు మీద అప్పుడు ఉండకూడదు.

ఎన్ని నీళ్లు మోయాలి?

పై దాకా వెళ్లేట్టయితే మనిషికి కనీసం మూడు లీటర్లు, జూన్ దాటితే నాలుగు. బరువే, కానీ తాగే కొద్దీ తగ్గే బరువు. దారిలో తాగునీరు లేదు. పైన వాగు నీళ్లు అద్దంలా ఉంటాయి, చూస్తే దోసిట్లో పట్టి తాగాలనిపిస్తుంది. ఫిల్టర్ చేయకుండా తాగితే జియార్డియా అనే క్రిమి వల్ల విరేచనాలు పట్టుకునే ప్రమాదం ఉంది. ఒక సీసాలో ఓఆర్ఎస్ పొడి కలుపుకోండి. వట్టి నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు తగ్గిపోయి పిక్కలు పట్టేయొచ్చు. మా ఆయనకు జరిగింది అదే అనుకుంటా.

తినడానికి ఏం తీసుకెళ్లాలి?

పులిహోర. ఉప్పు, పులుపు, అన్నం, వేరుశనగ గుళ్లు, అన్నీ అందులోనే ఉన్నాయి, ఎండకు త్వరగా పాడవదు. పెరుగన్నం ఎండలో పులిసిపోతుంది, వద్దు. పల్లీపట్టీలు, ఖర్జూరాలు జేబులో పెట్టుకుని అరగంటకోసారి ఒకటి నోట్లో వేసుకుంటే మధ్యలో నీరసం రాదు. పైన కడుపునిండా తింటే దిగేటప్పుడు ఆయాసం వస్తుంది, సగమే తినండి.

ఉడతలతో జాగ్రత్త. ముద్దుగా ఉంటాయి, భయం లేదు, సంచి పక్కన పెడితే జిప్పు కొరికేస్తాయి. వాటికి తిండి పెట్టడం చట్టప్రకారం నేరం, కరుస్తాయి కూడా. మా అత్తయ్యగారు కింద బెంచీ మీద కూర్చుని "పాపం" అంటూ జీడిపప్పు అందించబోతే రేంజర్, అంటే పార్కు కాపలా అధికారి, వచ్చి మర్యాదగానే క్లాసు పీకాడు.

ఎలాంటి చెప్పులు, బట్టలు?

చెప్పులు అసలే వద్దు. పట్టున్న అడుగు ఉన్న షూ, ముందే నెల రోజులు వాడి కాలికి అలవాటైనది వేసుకోండి. జీన్స్ వద్దు, తడిస్తే కాళ్లకు అంటుకుని అడుగు పడనివ్వదు. టోపీ, ఒక పలచటి జాకెట్ ఉంటే చాలు.

ఒక్క వస్తువు మీద డబ్బు పెట్టాలంటే రెండు ట్రెకింగ్ కర్రలు కొనండి. ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు వాటి విలువ తెలుస్తుంది.

దిగడం అంత కష్టమా?

ఎక్కడం కంటే కష్టం. ఎక్కేటప్పుడు ఊపిరి ఆపమంటుంది, ఆగుతాం. దిగేటప్పుడు ఊపిరి బాగానే ఉంటుంది, అందుకే తొందరపడతాం. ఈ దారిని జాన్ కాన్వే అనే ఆయన 1873 నుంచి 1877 వరకు కట్టించాడు. ఆ రోజుల్లో సుంకం కట్టి ఎక్కేవారట. చాలాచోట్ల రాళ్లు పేర్చి పరిచిన దారే ఇప్పటికీ ఉంది. ఏళ్ల తరబడి అడుగులు పడి ఆ రాళ్లు నున్నబడ్డాయి, వాటి మీద గ్రానైటు పొడై రాలిన సన్నటి ఇసుక ఉంటుంది. గచ్చు మీద ఆవాలు ఒలికితే వాటి మీద కాలు పడితే ఎలా ఉంటుందో సరిగ్గా అలా ఉంటుంది. మడమ ముందు ఆనిస్తే కాలు జర్రున పోతుంది. పాదం మొత్తం ఒకేసారి ఆనించి, మోకాలు కొంచెం వంచి, చిన్న చిన్న అడుగులు వేయాలి. నేను చూసినంతలో ఎక్కువమంది పడేది చివరి మైలులోనే, కింద పార్కింగ్ కనిపిస్తున్నప్పుడు.

ప్రమాదకరమైన చోట్లు ఏవి?

అన్నిటికంటే ప్రమాదం పైన వాగు. జలపాతానికి కొద్ది గజాల ముందు అది పిల్లకాలువలా అమాయకంగా ఉంటుంది, మోకాలి లోతు అనిపిస్తుంది. కాళ్లు కడుక్కుందామని దిగుతారు. అడుగున బండ సబ్బు రాసినట్టుంటుంది, నీటి తోపు పైకి కనిపించదు. యోసెమిటీలో జలపాతాల పైన ఇలా దిగి కొట్టుకుపోయి చనిపోయినవాళ్లున్నారు. ఎంత ఎండగా ఉన్నా నీళ్లలో కాలు పెట్టకండి. సీసా నింపుకోవడానికి వంగడం కూడా వద్దు.

రెండోది అంచు చూసే చోటు. వాగు పక్కనుంచి కొంచెం కిందికి దిగితే బండలో తొలిచిన సన్నటి మెట్లు, గోడకు ఇనుప కమ్మీ ఉంటాయి. ఒక పక్క బండ, ఇంకో పక్క ఖాళీ. కమ్మీ పట్టుకుని నడిస్తే భయం లేదు. ఎత్తంటే కళ్లు తిరిగేవాళ్లు ఈ ముక్క మానేసినా ఏమీ కాదు, నేను మొదటిసారి మానేశాను. కటకటాలు దాటి ఫొటో కోసం వెళ్లేవాళ్లతో మాత్రం స్నేహం చేయకండి.

మూడోది రాళ్లు రాలడం. 1980 నవంబర్‌లో ఈ దారి మీదే కొండ చరియ విరిగిపడి ముగ్గురు చనిపోయారు. ఇది మన చేతిలో లేనిది, కానీ మలుపుల మధ్య అడ్డదారి తొక్కి రాళ్లు దొర్లించడం మాత్రం మన చేతిలోదే. పైనుంచి మీ కాలు జారవిడిచిన రాయి కింద మలుపులో ఉన్నవాళ్ల తల మీద పడుతుంది.

ఎత్తుకు తలనొప్పి, ఆయాసం వస్తాయా?

లోయ అడుగే సముద్రమట్టానికి సుమారు 4,000 అడుగుల ఎత్తు. పై అంచు చేరినా ఊటీ అంత ఎత్తు ఉండదు. ఊటీలో మీకు ఏమీ కాకపోతే ఇక్కడా కాదు. బీపీ, గుండె మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడిగే బయల్దేరాలి.

పిల్లలు, పెద్దవాళ్లు రాగలరా?

పదేళ్లు దాటి, నడక అలవాటున్న పిల్లలు పై జలపాతం కనిపించే ఆ మూల దాకా హాయిగా వస్తారు. పై దాకా తీసుకెళ్లాలంటే అంచు దగ్గర చెయ్యి వదలని క్రమశిక్షణ ఉండాలి. చంటిపిల్లల్ని వీపున కట్టుకుని పైకి వెళ్లేవాళ్లను చూశాను. కాలు జారితే ఇద్దరూ పడతారు, నాకైతే నచ్చదు.

అమ్మానాన్నలకు వేరే దారి ఉంది. కింది జలపాతం చుట్టూ ఒక మైలు చదును దారి, అరగంట పని. మొదట్లోనే ఒక చోట పైదీ కిందిదీ రెండూ ఒకే వరసలో కనిపిస్తాయి. వంతెన మీద నిలబడితే తుంపర మొహాన కొడుతుంది. తూర్పు వైపు ముక్కలో వీల్‌చెయిర్ కూడా వెళ్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య పౌర్ణమి రాత్రులు ఆకాశం తేటగా ఉంటే ఆ వంతెన దగ్గర వెన్నెల్లో ఇంద్రధనుస్సు కనిపిస్తుంది. కొండెక్కి కాళ్లు పీకుతున్న మనకంటే వాళ్లే ఎక్కువ చూసినట్టవుతుంది.

మీరు పైకి, వాళ్లు కింద అనుకుంటే ఎక్కడ కలవాలో, ఎన్నింటికి కలవాలో పొద్దున్నే నోటితో చెప్పుకోండి. ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. లోయలో ఒకచోట వస్తుంది, ఇంకోచోట రాదు. "ఐదింటికి రాకపోతే కంగారు పడకండి, ఏడింటికి కూడా రాకపోతే రేంజర్‌కి చెప్పండి" అని రెండు టైములు చెప్పడం మా ఇంట్లో పద్ధతి. లేకపోతే కింద మా మావయ్యగారికి ఐదుంబావుకే టెన్షన్ మొదలవుతుంది.

ఎలుగుబంట్లు ఉంటాయా?

ఉంటాయి, నల్ల ఎలుగుబంట్లు. వాటికి మీ మీద కంటే మీ పులిహోర మీద ఆసక్తి ఎక్కువ. రాత్రిపూట కారులో తిండి ఉంచకూడదు, వాసనకు కారు తలుపులు వంచేసి లోపలికి దూరతాయి. అక్కడక్కడా పెట్టిన ఇనుప లాకర్లలో దాచాలి. ఊరగాయ సీసా, టూత్‌పేస్టు, పిల్లల కారు సీటు కింద రాలిన బిస్కెట్ ముక్కలు, అన్నీ తిండి లెక్కే.

దారిలో టాయిలెట్ ఉందా?

లేదు. కింద చూసుకుని బయల్దేరండి. తప్పనిసరైతే నీటికీ దారికీ కనీసం 100 అడుగుల దూరం వెళ్లి, గొయ్యి తీసి పూడ్చాలి. కాగితం మాత్రం కవర్లో వేసుకుని వెనక్కి తేవాలి.

పర్మిట్ కావాలా? ఫీజు ఎంత?

పొద్దున వెళ్లి సాయంత్రం దిగేవాళ్లకు ఈ దారికి పర్మిట్ అక్కర్లేదు. పైన రాత్రి పడుకోవాలంటే కావాలి. పార్కులోకి రావడానికి కారుకు 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. 2026 జనవరి నుంచి అమెరికాలో నివాసం లేని, 16 ఏళ్లు నిండిన సందర్శకులకు మనిషికి 100 డాలర్లు అదనంగా పెట్టారు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లు ఇది చూసుకోవాలి. రిజర్వేషన్ రూల్స్ ఏడాదికోలా మారుతుంటాయి, బయల్దేరే వారం పార్కు వెబ్‌సైట్ చూడండి. కుక్కల్ని ఈ దారిలోకి రానివ్వరు.

మొదటిసారి వెళ్తున్నాం. ఇదా, మిస్ట్ ట్రెయిలా?

మొదటిసారైతే మిస్ట్ ట్రెయిల్‌లో వెర్నల్ జలపాతం పై దాకా వెళ్లండి. రానూపోనూ 2.4 మైళ్లు, వెయ్యి అడుగుల ఎక్కుడు. అది దిగాక మర్నాడు పొద్దున మంచం మీంచి మామూలుగా లేవగలిగితే వచ్చే ఏడాది ఇది పెట్టుకోండి.

అదే రోజు ఫ్రీమాంట్ తిరిగి వచ్చేయొచ్చా?

నాలుగు గంటల డ్రైవింగ్. చేసేవాళ్లున్నారు, నేనూ ఒకసారి చేశాను, మళ్లీ చేయను. ఎనిమిది గంటలు కొండెక్కి దిగిన కాలితో 120 రోడ్డు మీద ప్రీస్ట్ గ్రేడ్ అనే కొండదారి మలుపుల్లో బ్రేకు నొక్కుతుంటే పిక్క పట్టేసింది. పక్కకు ఆపి మా ఆయన నా కాలు లాగుతుంటే వెనక కార్లు హారన్లు. ముందు రాత్రి పార్కు బయట ఊళ్లయిన మారిపోసాలోనో గ్రోవ్‌ల్యాండ్‌లోనో పడుకుని తెల్లవారుజామున పార్కులోకి రావడం, ఆ రాత్రి కూడా అక్కడే ఉండిపోవడం మంచిది. ఒక్క రాత్రికే డబ్బుంటే రెండో రాత్రికి గది తీసుకోండి. కొండెక్కని మనిషి ఒకరు మీతో ఉంటే తాళాలు వాళ్ల చేతికివ్వండి. లోయలో పెట్రోల్ బంకు లేదు, లోపలికి వచ్చే ముందే ట్యాంకు నింపుకోండి.